ఏ వంటల పుస్తకంతో మొదలుపెట్టాలి? మూడు రకాలు వండి చూశాక చెబుతున్నా

"అక్కా, వంటల పుస్తకం ఒకటి తీసుకుని మొత్తం వండుదామనుకుంటున్న, ఏది తీసుకోవాలె?" అని మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ అడిగింది. అప్పటికప్పుడు ఒక పేరు చెప్పలేకపోయాను. పుస్తకం పేరు కంటే ముందు ఏ రకం పుస్తకం అన్నది తేల్చుకోవాలి, అది తేలకుండా కొంటే నెల తిరిగేలోపు అల్మారాలోకి పోతుంది. హన్మకొండలో మా ఇంట్లో మూడేళ్లుగా మూడు రకాలు వండుతూ మార్కులు వేసుకుంటున్నాం. ఒకటి అచ్చయిన తెలుగు వంటల పుస్తకం, 365 రకాలది. ఒకటి బయటి దేశపు ఇంగ్లిష్ పుస్తకం. మూడోది మా అత్తమ్మ చెబుతుంటే నేను రాసుకున్న నోటు పుస్తకం. తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తున్నా: ఇంట్లో చెయ్యి తిరిగిన పెద్దవాళ్లు ఉంటే నోటు పుస్తకంతో మొదలుపెట్టండి, లేకపోతే కొలతలు గ్రాముల్లో ఇచ్చిన చిన్న పుస్తకం ఏదైనా తీసుకోండి. లావు పుస్తకం మాత్రం మొదటిదిగా వద్దు.

మొత్తం వండటం అంటే ఎంత పనో ముందు లెక్క చూసుకోవాలి. 2002లో న్యూయార్క్‌లో జూలీ పావెల్ అనే ఆవిడ ఒకే ఫ్రెంచి వంటల పుస్తకంలోని 524 వంటలు 365 రోజుల్లో చేయాలని పెట్టుకుని చేసింది, తర్వాత దాని మీద సినిమా కూడా వచ్చింది. రోజుకు దాదాపు ఒకటిన్నర వంట అన్నమాట. మన ఇళ్లలో పొద్దున టిఫిన్, బాక్సులు, రాత్రి వంట అన్నీ ఉండగా ఆ లెక్క పెట్టుకుంటే పిల్లలకూ మనకూ టెన్షనే, పైగా ఏ వంటనూ రెండోసారి చేసే తీరిక ఉండదు, రెండోసారి చేయకుండా వేసిన మార్కును నేను నమ్మను (ఎందుకో కింద చెబుతాను). వారానికి రెండు కొత్త వంటలు చాలు. 60 వంటల పుస్తకమైతే 30 వారాలు, అంటే ఏడు నెలలు. 365 రకాల పుస్తకమైతే మూడున్నరేళ్లు, అన్నేళ్లు ఒకే పుస్తకం పట్టుకుని కూర్చోవడం కష్టం. అందుకే చిన్న పుస్తకం అంటున్నాను.

అచ్చు తెలుగు పుస్తకం

దీని గొప్పతనం ఏమిటంటే ధర తక్కువ, వంటలు ఎక్కువ, సరుకులన్నీ తెలిసినవే. నేను ఇందులోంచి 118 వండాను, వాటిలో మా ఇంట్లో మళ్లీ చేయమని అడిగినవి 41. మూడింట ఒక వంతు అంటే నా లెక్కలో తక్కువేమీ కాదు. చింతపండు పులిహోర, కందిపొడి, ఉలవచారు లాంటివి దీంట్లోంచే నేర్చుకున్నాను, ఉలవచారు ఇప్పుడు మా ఇంట్లో చలికాలం అంతా ఉంటుంది.

ఇబ్బంది రాతలో ఉంది. ఒక్కో వంట అయిదారు లైన్లు, అందులో రెండుసార్లు "తగినంత". "ఉప్పు తగినంత" అంటే అర్థం చేసుకోవచ్చు, కానీ "నీళ్లు తగినంత పోసి" అని గారెల పిండికి రాస్తే కొత్తగా వండేవాళ్లు ఏం చేస్తారు? పిండి ఒక్కసారి జారుగా అయితే గారె నిలబడదు, నూనె తాగుతుంది. ఎంతమందికి సరిపోతుందో ఉండదు, మంట ఎంత పెట్టాలో ఉండదు, అయిందని ఎలా తెలుసుకోవాలో అసలే ఉండదు. ఒకే వంట రెండు పేర్లతో రెండు చోట్ల వచ్చింది కూడా, అలాంటివి నాకు తొమ్మిది దొరికాయి.

ఇంకొకటి, మనవైపు వాళ్లు గమనించాల్సింది. ఇలాంటి పుస్తకాల్లో ఎక్కువభాగం కోస్తా వంటలు, కోస్తా మాటలు. గోంగూర అంటే మన పుంటికూర, అలసందలు అంటే మన బొబ్బెర్లు, బంగాళదుంప అంటే ఆలుగడ్డ, ఇవన్నీ అలవాటైపోతాయి. కానీ చేపల పేజీలు తెరిస్తే సముద్రపు చేపలు, పెద్ద రొయ్యలు, పులస. మన దగ్గర చెరువు చేప దొరుకుతుంది, బొచ్చె, రవ్వ, బొమ్మె, అదే కొర్రమీను, అది మన రాష్ట్ర చేప కూడా. సముద్రపు చేపకు రాసిన పులుసు బొచ్చెతో చేస్తే ఉడికే సమయం మారుతుంది, ముల్లు మారుతుంది, అప్పుడు ఆ వంటకు మార్కు వేయడం న్యాయం కాదు. నేను ఆ పేజీలు పూర్తిగా వదిలేశాను. మొత్తం వండాలని పెట్టుకున్నాక కొన్ని వదిలేస్తే తప్పేమో అని మొదట్లో బాధపడ్డాను, ఇప్పుడు అనుకోవట్లేదు. ఆ 365 రకాల్లో సర్వపిండి లేదు, పచ్చిపులుసు మూడు లైన్లలో ఉంది, సకినాలు ఒక్క ముక్కలో "తెలంగాణ జంతికలు" అన్నట్టు రాసి వదిలేశారు. సకినం జంతిక కాదు! జంతిక గొట్టంలో పెట్టి ఒత్తేది, సకినం చేత్తో చుట్టేది, పిండే వేరు.

కారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మార్కులు వేసే వాళ్లందరికీ ఇది పనికొస్తుంది. ఆ పుస్తకంలో కోడికూరకు "కారం 3 చెంచాలు" అని ఉంది. అక్షరం తప్పకుండా మూడు చెంచాలే వేశాను. పిల్లలు రెండు ముద్దలు తిని నీళ్ల కోసం లేచారు, మా ఆయన పెరుగు కలుపుకున్నారు. పుస్తకంలో పదికి 3 మార్కులు రాసి పక్కన పెట్టేశాను. నాలుగు నెలల తర్వాత అదే కూర అంతే కారంతో చేస్తే గిన్నె ఖాళీ అయింది, 8 వేశాం. ఏం మారింది? మిరపకాయ మారింది. మొదటిసారి ఇంట్లో ఉన్నది తేజ రకం కారం, అది చాలా ఘాటు. రెండోసారికి కొత్త మిర్చి వచ్చింది, ఆ ఏడు అత్తమ్మ చపాటా తెప్పించి గిర్నీలో పట్టించింది. చపాటా మన వరంగల్ వైపుదే, టమాటా మిర్చి అని కూడా అంటారు, కాయ గుండ్రంగా పొట్టిగా ఉంటుంది, రంగు చాలా ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కన ఉండే మనకు మిర్చిలో ఇన్ని రకాలు ఉన్నాయని తెలుసు, పుస్తకానికి తెలియదు, అది "కారం" అని మాత్రమే అంటుంది. అప్పటినుంచి ప్రతి మార్కు పక్కన ఏ కారం అన్నది రాస్తున్నాను. ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకుని ఒకదాని మీద తేజ, ఒకదాని మీద చపాటా అని రాసుకుంటే, పుస్తకం చెప్పిన కొలతలో సగం తేజ, సగం చపాటా వేసి మొదలుపెట్టొచ్చు. మాకు దాదాపు అన్ని కూరలకూ అది సరిపోయింది.

బియ్యం కూడా అంతే. పులిహోరకు, బిర్యానీకి పుస్తకం ఇచ్చిన నీళ్ల లెక్క పాత బియ్యానికి సరిపోతుంది, పంట రాగానే పట్టించిన కొత్త బియ్యానికి అంత పోస్తే ముద్దవుతుంది. ఇదీ మార్కు పక్కన రాయండి.

ఇంగ్లిష్ పుస్తకం

మా పాపకు కేకులంటే ఇష్టం, దానికోసం తీసుకున్నాం. 110 వంటల్లో 38 చేశాం, మళ్లీ అడిగినవి 11. తక్కువ మార్కులే, కానీ నాకు వంట రాయడం ఎలాగో నేర్పింది ఈ పుస్తకమే. ప్రతిదీ గ్రాముల్లో ఉంది, ఎంతమందికో ఉంది, "అంచులు గోధుమ రంగుకు తిరిగి మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి" అని ఆనవాలు కూడా ఉంది. చెప్పింది చెప్పినట్టు చేస్తే చెప్పినట్టే వచ్చేది. మా 38లో చెప్పినట్టు రానివి ఆరే, ఆ ఆరింటిలో నాలుగు సరుకు మారడం వల్ల చెడినవి.

సరుకు మారడం అంటే ఇలా. హెవీ క్రీమ్ అని అడుగుతుంది, అందులో కొవ్వు కనీసం 36 శాతం ఉండాలి, మన దగ్గర చిన్న డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతమే, దాన్ని ఎంతసేపు గిలక్కొట్టినా నురగలా నిలబడదు. పిల్లలతో కలిసి అరగంట కొట్టి చూశాను. కార్న్‌ఫ్లోర్ అంటే గిర్నీలో పట్టించిన మక్క పిండి కాదు, కిరాణా కొట్టులో దొరికే తెల్లటి మెత్తటి పిండి. కొరియాండర్ అని ఉంటే పుస్తకం ఎక్కడిదో చూసుకోవాలి, బ్రిటన్ పుస్తకాల్లో అది ఎక్కువగా కొత్తిమీర, అమెరికా పుస్తకాల్లో ధనియాలు. కప్పు కూడా అంతే, అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, ఆస్ట్రేలియా పెద్ద చెంచా 20 మిల్లీలీటర్లు, మిగతావాళ్లది 15. మా ఇంట్లో స్టీలు గ్లాసు కొలిచి చూస్తే 300 పట్టింది, దాంతో కేకు చేస్తే ఎలా వస్తుంది? ఓవెన్ వేడి 350 అని ఉంటే అది ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు 177 డిగ్రీలు, లోపల ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే ఇంకో 20 తగ్గించాలి.

ఒక్క మైదా సంగతి చూడండి. చెంచాతో మెల్లగా కప్పులోకి వేసి పైన చదును చేస్తే 120 గ్రాములు, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. మూడు కప్పుల వంటలో 90 గ్రాముల తేడా, కేకు గట్టిపడటానికి అది చాలు. అందుకే తూకం మిషన్ లేకుండా ఈ రకం పుస్తకం మొదలుపెట్టకండి. నాలుగైదు వందల్లో మంచిది వస్తుంది, ఒక గ్రాము దాకా చూపించేది చాలు. ఇది పుస్తకం కంటే ముందు కొనాల్సిన వస్తువు, మూడు రకాల పుస్తకాలకూ పనికొస్తుంది.

వరంగల్‌లో ఉండి ఈ రకం మొత్తం వండటం కష్టమని నా అనుభవం. సెలెరీ, తాజా థైమ్, రకరకాల చీజ్‌లు కావాలంటే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు చెప్పి తెప్పించుకోవాలి, మనకు దొరికిన రోజే వండాలి. బేకింగ్ పేజీలు మాత్రం ఇక్కడి సరుకులతో హాయిగా చేయొచ్చు. అదొక్కటే కావాలనుకుంటే బేకింగ్‌కు మాత్రమే రాసిన పుస్తకం తీసుకోండి, మొత్తం వంటలది వద్దు.

నోటు పుస్తకం

మా అత్తమ్మది పరకాల వైపు పల్లె. ఆమె చెబితే రాసుకున్నవి 74, అందులో 52 నేను ఒక్కదాన్నే, ఆమె చెయ్యి పెట్టకుండా వండాను. 37 మళ్లీ చేశాం. వండినవాటిలో ఎన్ని మళ్లీ చేశామని చూస్తే మూడు పుస్తకాల్లో ఇదే ఎక్కువ, కానీ ఈ పోలికలో ఒక తేడా ఉంది, అది చెప్పకపోతే అచ్చు పుస్తకాలకు అన్యాయం. అత్తమ్మ నోటు పుస్తకంలో ఉన్నవి నలభై ఏళ్లు ఇంటిల్లిపాదీ తిని, నచ్చనివి ఎప్పుడో మానేయగా మిగిలినవి. మార్కులు వేయడం అక్కడ నాకంటే ముందే అయిపోయింది. అచ్చు పుస్తకం రాసినవాళ్లకు మన ఇంటి నాలుక తెలియదు కదా.

కష్టం అంతా రాసుకోవడంలోనే. "సోలెడు బియ్యం, పిడికెడు పల్లీలు, నిమ్మకాయంత చింతపండు, అందాజగ ఉప్పు" అంటుంది. సోల అంటే మానికలో నాలుగో వంతు, సోలలో నాలుగో వంతు గిద్ద, కానీ ఒక్కో ఊరి మానిక ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ ఇంట్లో ఉన్న సోలనే తూచి రాసుకోవాలి. పిడికిలి, చిటికెలకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, డబ్బాను తూకం మీద పెట్టి అత్తమ్మను అందులోంచి మామూలుగా తీసుకోమంటాను, తీసుకున్నాక డబ్బా ఎంత తగ్గిందో చూసి రాస్తాను. ఆమె పని ఆగదు, చెయ్యి అలవాటు మారదు. పల్లీల పిడికెడు 45 గ్రాములు, చింతపండు 30 గ్రాములు అని ఇలాగే తేలింది. చింతపండు కొత్తదా, నల్లబడ్డ పాతదా అన్నది కూడా పక్కన రాయాలి, పచ్చిపులుసుకు అది చాలా ముఖ్యం. పచ్చిపులుసు పొయ్యి మీద మరిగించేది కాదు కదా, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి వేసి చింతపండు నీళ్లలో పిసికి పోపు పెట్టడమే, కాబట్టి పులుపు ఎక్కువైతే మరిగించి సర్దుకునే వీలుండదు.

కొలతల కంటే ఆనవాళ్లు రాసుకోవడం ఇంకా ముఖ్యం. సర్వపిండినే తీసుకోండి. బియ్యప్పిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, ఎల్లిగడ్డ, కారం, కరివేపాకు కలిపి, నూనె రాసిన గంజులో (లోతైన గిన్నెలో) పిండి లోపలి గోడలకు పలుచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి వాటిలో నూనె వేసి, మూత పెట్టి సన్నమంట మీద కాల్చాలి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మొదటిది బాగా వచ్చింది, రెండోదానికి వేడి గంజులో పిండి ఒత్తబోతే చేతికి అంటుకుని గోడకు నిలవనే లేదు. అత్తమ్మను అడిగితే "గంజు సల్లారినంక ఒత్తాలె బిడ్డా, ఎనుకకు నీళ్లు పొయ్యి" అంది. ఆమెకు అది చెప్పాల్సిన సంగతి అని కూడా అనిపించలేదు. ఇప్పుడు రెండు గంజులు పెట్టుకుని ఒకటి కాలుతుంటే ఇంకోటి చల్లారబెడుతున్నాను. ఎప్పుడు దించాలి అంటే "సుయ్య్ మనే చప్పుడు తగ్గినంక" అంది, నిమిషాలు రాసుకున్నా ఆ చప్పుడే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఇవన్నీ ఆమె వండుతుంటే పక్కన నిలబడి అడిగితేనే వస్తాయి, తీరిగ్గా కుర్చీలో కూర్చోబెట్టి చెప్పమంటే రావు.

ఫోన్‌లో వీడియోలు చూసి వండేవాళ్లు ఉన్నారు, నేనూ చూస్తాను. కానీ వీడియో ఒక్క వంట నేర్చుకోవడానికి బాగుంటుంది, వరుసగా వండి మార్కులు వేసుకుని పోల్చుకోవాలంటే ఒక్కోటి ఒక్కొక్కరిది అయిపోతుంది, అందుకే ఈ పోలికలో కలపలేదు.

మార్కులు ఎలా వేయాలి

మొదట్లో అయిదు నక్షత్రాలు వేసేవాళ్లం. ఏడాది తర్వాత తిరగేస్తే అన్నీ మూడు, నాలుగు. ఎందుకు మూడో గుర్తు లేదు. తర్వాత పదికి మార్కులు పెట్టి రెండుగా విడగొట్టాం, రుచికి ఒకటి, రాతకు ఒకటి. ఈ రెండూ ఎప్పుడూ కలిపి కూడొద్దు. రుచి అంటే తిన్నవాళ్లు చెప్పేది. రాత అంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే అది వచ్చిందా, ఎక్కడైనా మనమే ఊహించుకోవాల్సి వచ్చిందా అన్నది, ఇది వండినవాళ్లు మాత్రమే వేయాలి. సర్వపిండికి మేము మొదట వేసింది రుచి 9, రాత 4, ఆ రాత నాదే కాబట్టి దిద్దుకుని మళ్లీ వండాక 8 అయింది. ఇంగ్లిష్ పుస్తకంలోని ఒక కూరగాయల సూపుకు రాత 9, రుచి 4. ఈ రెండిటినీ కలిపి 13 అని రాస్తే రెండూ ఒక్కలాంటివే అనిపిస్తాయి, కానీ ఒకదాన్ని సరిచేసుకుని జీవితాంతం వండొచ్చు, ఇంకోదాన్ని వదిలేయొచ్చు.

మొదటిసారి పుస్తకంలో ఉన్నట్టే చేయండి, మీకు తప్పని తెలిసినా సరే. కొంచెం అల్లం ఎక్కువ, నూనె తక్కువ అని మొదటిరోజే మార్చేస్తే మార్కు మన చేతికి పడుతుంది, పుస్తకానికి కాదు. రెండోసారి ఒక్కటే మార్చండి. రెండోసారి వండే దాకా రుచి మార్కు పెన్సిల్‌తో రాయండి, కోడికూర 3 నుంచి 8కి ఎక్కింది చూశారు కదా.

ఎవరిని అడగాలి అన్నది కూడా ఉంది. వేడివేడిగా వడ్డించి ఎదురుగా నిలబడి "ఎట్లుంది?" అంటే ఎవరైనా బాగుందనే అంటారు, మా మామయ్య ఇప్పటిదాకా ఒక్కసారి కూడా బాలేదనలేదు. అందుకని చిన్న చీటీలు పెట్టాం, ముందు పిల్లలు రాస్తారు, తర్వాత పెద్దవాళ్లు, చివరికి నేను. ఇంకా నమ్మకమైన ఆనవాలు గిన్నెలో మిగిలింది. తెల్లారి పొద్దున ఎంత మిగిలిందో చూసి చీటీ పక్కన రాస్తాను. వారం తర్వాత ఎవరైనా తమంతట తాము "మొన్న చేసింది మళ్లెప్పుడు?" అని అడిగితే దాని పక్కన "మళ్లీ" అని రాస్తాను, నేను పైన చెప్పిన 41, 11, 37 ఆ లెక్కే.

పేజీ వరుసలో వండాలా, కాలాన్ని బట్టి వండాలా అని కూడా అడుగుతారు. పేజీ వరుసలో పోతే జనవరిలో చింతచిగురు, వానాకాలంలో మామిడికాయ తొక్కు తగులుతాయి. విషయసూచిక మీద పెన్సిల్‌తో నెలలు రాసుకోండి. మక్క కంకులు వానల్లో వచ్చినప్పుడు మక్క గారెలు, బతుకమ్మ పండక్కి మలీద, సత్తుపిండి, ఎండాకాలం మొదట్లో చింతచిగురు మటన్, తొక్కులు, సంక్రాంతికి అప్పాలు. కాలం దాటించి వండినవాటికి నేను ఎప్పుడూ తక్కువ మార్కులే వేశాను, వాటిని మళ్లీ వండాల్సి వచ్చింది.

కొనేముందు దుకాణంలోనే చూడండి

పది నిమిషాలు చాలు. మీకు కళ్లు మూసుకుని చేయడం వచ్చిన వంట ఒకటి, పప్పుచారో పులిహోరో, ఆ పుస్తకంలో తీసి చదవండి. మీరు చేసేదానికి దగ్గరగా ఉందా, మీకు కొత్తగా ఒక్క సంగతైనా చెప్పిందా? చెప్పకపోతే తెలియని వంటల్లోనూ చెప్పదు. తర్వాత ఎక్కడో మధ్యలో రెండు పేజీలు తెరిచి "తగినంత" ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి, ఉప్పుకు కాక వేరేవాటికి రెండుకు మించి ఉంటే నేను కొనను. పది వంటల సరుకులు చూసి అవి కుమార్‌పల్లి మార్కెట్లోనో, మీ పక్క కిరాణా కొట్టులోనో ఎన్ని దొరుకుతాయో చూసుకోండి, పదిలో ఏడు వంటలకు అన్నీ దొరకాలి. ఎంతమందికి అన్నది ఉందా? మంట, సమయం, ఆనవాలు ఈ మూడింటిలో రెండైనా ఉన్నాయా? పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే దానంతట అది మూసుకోకుండా ఉంటుందా? ఈ చివరిది చిన్న విషయం అనిపిస్తుంది కానీ చేతులకు పిండి ఉన్నప్పుడు తెలుస్తుంది.

ఇక ఎవరికి ఏది. కొత్తగా పెళ్లయి వేరే కాపురం పెట్టినవాళ్లు, ఉద్యోగానికి హైదరాబాద్ పోయి గదిలో వండుకునేవాళ్లు, ఒకే అంశం మీద ఉన్న చిన్న తెలుగు పుస్తకం తీసుకోండి, టిఫిన్లో, పప్పులూ కూరలో, ఏదో ఒకటి, 50, 60 వంటలకు మించనిది. దానితోపాటు అమ్మకు ఫోన్ చేసి వారానికి ఒక వంట రాసుకోండి, కొలతలు అప్పుడు కాదు, ఇంటికి పోయినప్పుడు తూకం పెట్టి రాసుకోవచ్చు. పిల్లలతో కలిసి చేయాలనుకునేవాళ్లకు గ్రాముల్లో రాసిన బేకింగ్ పుస్తకం మంచిది, పిల్లలు తూకం చూడటం, చెప్పినట్టు చేయడం చాలా ఇష్టంగా చేస్తారు, మా పాప ఎనిమిదేళ్లకే మైదా సరిగ్గా తూచేది. వంట బాగా వచ్చి, రోజూ అవే కూరలని విసుగొచ్చినవాళ్లు లావు తెలుగు పుస్తకం తీసుకోవచ్చు, మీకు "తగినంత" ఎంతో తెలుసు కాబట్టి ఇబ్బంది ఉండదు, కొత్త పచ్చళ్లు, పొడులు చాలా దొరుకుతాయి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే జొన్న రొట్టె, గట్క, అంబలి లాంటివి ఎలాగూ మన నోటు పుస్తకంలోనే ఉంటాయి, వాటికోసం వేరే మిల్లెట్ పుస్తకం కొని అందులోని జొన్న కేకులూ రాగి బిస్కెట్లూ చేయాల్సిన పని లేదు, వాటిలో బెల్లం ఎంత పడుతుందో చూడండి ముందు.

ఇంట్లో పెద్దవాళ్లు వండే స్థితిలో ఉంటే మాత్రం మిగతావన్నీ ఆగుతాయి, నోటు పుస్తకమే ముందు. మా అత్తమ్మకు ఇప్పుడు మోకాళ్లు నొప్పి, ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడలేదు. 74లో నేను ఇంకా వండనివి 22 ఉన్నాయి, వాటిలో బోటి, తలకాయ కూర లాంటివి ఆమె పక్కన లేకుండా నాకు ధైర్యం చాలట్లేదు. ఆదివారాలు కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్కోటి చేస్తున్నాం.

ఈ సంక్రాంతికి సకినాలు. పోయినేడు రుచి 6, రాత 5 వేశాం. రాత్రంతా నానిన బియ్యం తడిపిండి పట్టించి, జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపి, తెల్లబట్ట మీద చుట్లు బాగానే చుట్టాను, కానీ నోటు పుస్తకంలో "ఆరినంక కాల్చాలె" అని ఒక్క ముక్కే రాసుకున్నాను, ఎంతసేపు ఆరాలో లేదు. తొందరపడి ముందే నూనెలో వేశాను, నూనె బాగా తాగాయి, రెండోరోజుకు మెత్తబడ్డాయి. అత్తమ్మను అడిగితే బట్ట మీద నుంచి సకినం విరగకుండా పైకి లేవాలి, అప్పుడే కాల్చాలె అంది. ఈసారి మొదటి వరుస చుట్టగానే గడియారం చూసి రాస్తాను, లేచినప్పుడు మళ్లీ చూస్తాను. ఆ పేజీలో మార్కుల గడి ఖాళీగా పెట్టాను.